ముందు బాత్రూమ్ చూసుకో స్వాతీ, తర్వాతే బీచ్

స్వాతీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి అర్ధగంట ఏడ్చింది, ఎనిమిది నెలల్లో హాస్పిటల్‌కి తప్ప ఆ పిల్ల గుమ్మం దాటలేదక్కా, అల్లుడు మురళి బాల్కనీలోకి కూడా రానంటున్నాడట అని. నువ్వేమో నాకు ఒక్క లైన్ మెసేజ్ పెట్టి ఊరుకున్నావ్, పెద్దమ్మా మెరీనాలో వీల్‌చైర్ వెళ్తుందంట నిజమేనా అని. వెళ్తుందమ్మా. కానీ అవును అని టైప్ చేసి ఫోన్ పక్కన పెట్టేస్తే నువ్వు ఈ ఆదివారమే పిల్లలిద్దర్నీ, అతన్నీ వేసుకుని బయల్దేరి సాయంత్రానికి ఇంక జన్మలో ఎక్కడికీ వెళ్ళం అని వచ్చి పడతావ్, నాకు తెలుసు, నేనూ అలాగే వచ్చి పడ్డాను చాలాసార్లు. అందుకే ఇంత పొడుగు రాస్తున్నా, తీరిగ్గా చదువుకో.

మా అబ్బాయి, మీ కిట్టు అన్నయ్యకి ఇప్పుడు 34, పుట్టిన దగ్గర్నుంచీ సెరిబ్రల్ పాల్సీ, ఒంటి కదలికలు స్వాధీనంలో ఉండవు, నీకు తెలిసిందే. ఈ మద్రాసులో వాణ్ణి తీసుకెళ్ళని చోటు తక్కువ, తీసుకెళ్ళి కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ తిరిగి రాని చోటు ఇంకా తక్కువ. మురళిది వేరే, అతనికి వెన్నుకి దెబ్బ, మొన్నటిదాకా బండి మీద ఊరంతా తిరిగినవాడు. అది ఇంకా కష్టం, ఎందుకంటే అతనికి ముందు ఎలా ఉండేదో గుర్తుంది కదా.

అందుకని మొట్టమొదట అతన్ని అడుగు. ఎక్కడికి వెళ్దాం అని కాదు, ఏమీ వద్దంటాడు. రెండు చోట్లు చెప్పి ఏది అని అడుగు, పొద్దున్నా సాయంత్రమా అని అడుగు, తెలిసినవాళ్ళు ఎదురుపడే చోటు పర్లేదా అని కూడా అడుగు, ఇది చాలామంది అడగరు. కొత్తల్లో ఆఫీసు ఫ్రెండ్స్ కనిపించే చోటికి వెళ్ళడం కంటే ముక్కూమొహం తెలీని జనం మధ్య కూర్చోడమే హాయిగా ఉంటుంది. ఇంకో మాట, ఇంక చాలు వెళ్దాం అని అతను ఎప్పుడంటే అప్పుడే లేవాలి, పిల్లలు ఐస్‌క్రీమ్ సగంలో ఉన్నా సరే. మొదటి నాలుగు సార్లు ఆ మాట గట్టిగా నిలబెట్టుకుంటే ఐదోసారి అతనే ఇంకాసేపు కూర్చుందాం అంటాడు. కిట్టు విషయంలో ఈ సంగతి తెలుసుకోడానికి నాకు పదేళ్ళు పట్టింది.

ఇక బాత్రూమ్. చోటు ఎంత బాగుంది, వ్యూ ఎలా ఉంది అవన్నీ తర్వాత. నువ్వు ఎక్కడికి ఫోన్ చేసినా వీల్‌చైర్ ఫెసిలిటీ ఉందా అని అడక్కు, అందరూ ఇరుక్కు మేడమ్ ఇరుక్కు, అంటే ఉంది మేడమ్ ఉంది అనే అంటారు, అబద్ధం ఆడాలని కాదు, వాళ్ళ దృష్టిలో వాచ్‌మన్ ఎత్తి పెడితే అదే ఫెసిలిటీ. గేటు దగ్గర్నుంచి కూర్చునే చోటు దాకా ఎన్ని మెట్లు ఉన్నాయి, బాత్రూమ్ తలుపు తీసి ఒక ఫోటో వాట్సాప్ చేస్తారా, అది తాళం వేసి ఉంటుందా, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఇలా అడుగు. ఒక మాల్‌లో డిసేబుల్డ్ టాయిలెట్ అని పెద్ద బొమ్మ వేసిన తలుపు తీయించేసరికి లోపల మాప్‌లు, బకెట్లు, చీపుళ్ళు, విరిగిన కుర్చీ ఒకటి, కిట్టు నవ్వాడు గానీ నాకు నవ్వు రాలేదు. మామూలు వీల్‌చైర్ రెండడుగుల పైన వెడల్పు ఉంటుంది, తలుపు మూడడుగులు లేకపోతే వేళ్ళు గీసుకుపోతాయి, మీ చైర్ టేపుతో కొలిచి ఫోన్‌లో రాసిపెట్టుకో. ఇక్కడ బోర్డుల మీద మాట్రుత్తిరనాళి, అంటే వికలాంగులు అని ఉంటుంది, అరవం చదవడం రాకపోయినా ఆ మాట నోటితో అడగడం నేర్చుకో. ర్యాంప్ ఉందన్నా నమ్మకు, ఒక అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు ఉంటేనే అది ర్యాంప్, అంతకంటే నిటారుగా ఉంటే జారుడుబల్ల. మూడు మెట్ల మీద ఒక రేకు పరిచి ర్యాంప్ అనేవాళ్ళు బోలెడుమంది.

మురళి లెగ్ బ్యాగ్, అదే కాలికి కట్టే యూరిన్ సంచి, సగం నిండగానే ఖాళీ చెయ్యి, నిండేదాకా ఆగకు. వెడల్పు మూతి ఉన్న బాటిల్ ఒకటి, మూత గట్టిది, నల్ల కవర్‌లో పెట్టుకో, బాత్రూమ్ దొరక్కపోయినా కార్లోనే పని అయిపోతుంది. నీళ్ళు తాగితే బ్యాగ్ నిండుతుందని అతను బయట నీళ్ళు మానేస్తాడు చూడు, మానెయ్యనివ్వకు, ఇన్ఫెక్షన్ అలాగే వస్తుంది.

మీ అమ్మ చెప్పిన దాన్ని బట్టి అతని దెబ్బ ఛాతీ పైభాగంలో, టీ4 అనే వెన్నుపూస దగ్గర. టీ6, అంతకంటే పైన దెబ్బ తగిలినవాళ్ళకి ఒకటుంది, డాక్టర్ చెప్పే ఉంటాడు, అయినా మళ్ళీ చెప్తున్నా. ట్యూబ్ మెలిపడి యూరిన్ ఆగిపోయినా, బెల్టు ఎక్కడైనా గట్టిగా ఒత్తుకున్నా, అతనికి ఆ నొప్పి తెలీదు గానీ ఒంట్లో బీపీ ఒక్కసారి పైకి పోతుంది, తల పగిలిపోతున్నట్టు నొప్పి, మొహం ఎర్రబడటం, పైభాగమంతా చెమట. అప్పుడు కంగారుపడి పడుకోబెట్టకు, నిటారుగా కూర్చోబెట్టు, బట్టలు వదులు చెయ్యి, ట్యూబ్ చూడు, తగ్గకపోతే 108కి ఫోన్ చెయ్యి. దెబ్బకి కింద భాగానికి చెమట సరిగ్గా పట్టదు కాబట్టి ఎండకి ఒళ్ళు తొందరగా కాగిపోతుంది కూడా. స్ప్రే బాటిల్‌లో నీళ్ళు, ఒక తడి టవల్ ఉండాల్సిందే. ఎండలో ఉన్న ఇనప బెంచీ, కారు సీటు బకిల్, వేడి టీ గ్లాసు ఒళ్ళో పెట్టుకోడం, ఇవన్నీ కాలుతాయి, అతనికి తెలీదు, సాయంత్రం నువ్వు చూసేసరికి బొబ్బ. కుషన్ లేకుండా గుమ్మం దాటొద్దు, పదిహేను ఇరవై నిమిషాలకోసారి ముందుకి వంగడమో పక్కకి ఒరగడమో చెయ్యమను, ఫోన్‌లో వైబ్రేషన్ పెట్టుకుంటే నువ్వు అందరి ముందూ గుర్తు చెయ్యక్కర్లేదు. రాత్రికి పిరుదులు, మడమలు చూడు, ఎర్రగా ఉండి వేలితో నొక్కినా తెల్లబడకపోతే మర్నాడు కూర్చోబెట్టకు.

టైమ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, మద్రాసులో ఉన్నదే రెండు టైమ్‌లు, పొద్దున ఆరు నుంచి ఎనిమిది, సాయంత్రం ఐదు దాటాక. డిసెంబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది, మే నెల అగ్ని నక్షత్రంలో ఏసీ ఉన్న చోటు తప్ప ఆలోచించకు.

బండి. క్యాబ్ బుక్ చేశాక డ్రైవర్‌కి ఫోన్ చేసి డిక్కీలో గ్యాస్ సిలిండర్ ఉందా అని అడుగు, సీఎన్‌జీ బండి అయితే డిక్కీ సగం సిలిండరే, మడత పెట్టే వీల్‌చైర్ కూడా పట్టదు, అది అతను వచ్చి నిలబడ్డాక తెలిస్తే ఇద్దరికీ చిరాకు. పెద్ద ఎత్తు బండ్లకంటే మామూలు సెడాన్ నయం, సీటు ఎత్తు, చైర్ ఎత్తు దగ్గరగా ఉంటాయి, పలక వేసి జరిగితే సరిపోతుంది, నువ్వు ఎత్తక్కర్లేదు. నువ్వు ఎత్తొద్దు కూడా. నా నడుం చూడు.

మెట్రోకి అలవాటు పడండి, నా మాట విను. 2015లో కోయంబేడు ఆలందూర్ మధ్య మొదలైనప్పుడు కిట్టు వెళ్దామని పట్టుబట్టాడు, నేను జీవితంలో మొదటిసారి వాణ్ణి ఎవరూ ఎత్తకుండా రైలు ఎక్కించాను, ప్లాట్‌ఫామ్, పెట్టె నేల ఒకే ఎత్తు, లోపల వీల్‌చైర్‌కి చోటు. ఒక్కటే చూసుకోవాలి, లిఫ్ట్ అన్ని గేట్ల దగ్గరా ఉండదు, రోడ్డుకి అవతలి వైపు దిగితే మౌంట్ రోడ్ దాటడం ఎవరి తరం, కాబట్టి లిఫ్ట్ ఎటువైపో ముందే కనుక్కో. అసలు మొదటి ఔటింగ్ మెట్రోలో ఉత్త పుణ్యానికి నాలుగు స్టేషన్లు వెళ్ళి రావడమే పెట్టుకోండి, చిన్నాడికి అదే పెద్ద పండగ. ఎంటీసీ, అదే సిటీ బస్సుల్లో 2024 నుంచి లో ఫ్లోర్ బస్సులు కూడా వచ్చాయి, పక్కకి వంగుతాయి, తలుపు దగ్గర ర్యాంప్ పలక ఉంటుంది, కానీ అది రెండో ఏడాదికి ఉంచుకో, మొదట్లోనే బస్సు రద్దీ వద్దు.

ఇప్పుడు నీ మెరీనా. కామరాజర్ సాలైలో వివేకానందర్ ఇల్లం ఎదురుగా ఇసక మీద దారి వేశారు, 2022 నవంబర్‌లో తెరిచారు, 263 మీటర్లు పొడవు, 3 మీటర్లు వెడల్పు. తెరిచిన పదిహేను రోజులకే మాండౌస్ తుఫాను వచ్చి చివర కొట్టుకుపోయింది, మళ్ళీ బాగుచేశారు. అంతకుముందు కొన్నేళ్ళు డిసెంబర్ 3న వికలాంగుల దినం వస్తుంది కదా, ఆ రోజుల్లో మాత్రం తాత్కాలికంగా దారి పరిచేవాళ్ళు, ఏడాదికోసారి సముద్రం చూడ్డానికి ముహూర్తం అన్నమాట. ఇంకా ముందు అయితే మీ పెదనాన్నా, పక్కింటాయనా కిట్టుని చేతుల కుర్చీ వేసి ఇసకలో మోసుకెళ్ళేవాళ్ళు, వాడికి పన్నెండేళ్ళు వచ్చాక సిగ్గేసి రానన్నాడు, పదిహేనేళ్ళకి పైగా సముద్రాన్ని రోడ్డు మీద నుంచే చూశాడు. ఆ చెక్కల దారి మీద మొదటిసారి వాడే చేతులతో తోసుకుంటూ పోతుంటే నేను వెనకపడిపోయాను, అంతే, ఇంకేం చెప్పను.

దారి నీళ్ళకి కాస్త ఇవతలే ఆగుతుంది, పాదాలు తడవవు. అది మురళికి ముందే చెప్పు, అక్కడికెళ్ళాక తెలిస్తే మనసు చివుక్కుమంటుంది. ఆదివారం సాయంత్రం మాత్రం వెళ్ళకు, సెల్ఫీలవాళ్ళు, పరుగులు పెట్టే పిల్లలు, దారంతా వాళ్ళే, పక్కకి జరగండి అనడానికి నీకు నోరు నొప్పెడుతుంది. మామూలు రోజు పొద్దున్నే వెళ్ళండి. సుండల్, అదే మన శనగల గుగ్గిళ్ళు, దొరకదు పొద్దున, అది ఒక్కటే లోటు.

అదే రోడ్డులో మ్యూజియం ఆఫ్ పాసిబిలిటీస్ అని ఉంది, రాష్ట్ర ప్రభుత్వం 2022లో పెట్టింది, వీల్‌చైర్ వాళ్ళకి, చూపు లేనివాళ్ళకి, వినపడనివాళ్ళకి పనికొచ్చే వస్తువులు ముట్టుకుని వాడి చూడొచ్చు. ఇది ఔటింగా అంటావేమో, మురళి ఇంజనీరు కదమ్మా, చూడు ఎంతసేపు ఉంటాడో. ఎండాకాలంలో అయితే కొట్టూరుపురం అన్నా సెంటినరీ లైబ్రరీ, ఏసీ, లిఫ్టులు, పిల్లల సెక్షన్‌లో పెద్ద చెట్టు బొమ్మ కట్టారు, మీ చిన్నాడు దిగడు. వండలూరు జూ 602 హెక్టార్లు, అదంతా తోసుకుంటూ తిరగడం మన వల్ల కాదు, బ్యాటరీ బండి చూసుకుని రెండు మూడు జంతువులు చాలనుకుని వెళ్ళాలి, మంగళవారం మూసేస్తారు. ఎగ్మోర్ మ్యూజియంకి శుక్రవారం సెలవు. గుళ్ళ గురించి ఈసారి వేరేగా చెప్తా, అదో పెద్ద భారతం.

జనం. మద్రాసు జనం మంచివాళ్ళే, అడక్కముందే పరిగెత్తుకొచ్చి చైర్ పట్టుకుంటారు, అదే సమస్య కూడా, ఊడొచ్చే చేతి భాగం పట్టుకుని ఎత్తుతారు, అది చేతికొచ్చేస్తుంది. ఇంగ పిడిక్కాదీంగ, ఇక్కడ పట్టుకోకండి అను, ఫ్రేమ్ చూపించి ఇంగ పిడింగ, ఇక్కడ పట్టుకోండి అను. ఏటవాలు బాగా ఎక్కువగా ఉంటే వెనక్కి తిప్పి దింపాలి, ముందుకి దింపితే మనిషి జారిపోతాడు. ఇంకొకళ్ళు వచ్చి ఎన్న ఆచ్చు ఇవరుక్కు, ఈయనకేమైంది అని నిన్నడుగుతారు, అతను ఎదురుగా ఉండగానే. అవర్‌కిట్టయే కేళుంగ, ఆయన్నే అడగండి అని నవ్వుతూ అనేసెయ్. అతను చెప్తే చెప్తాడు, లేకపోతే లేదు.

పెద్దదాని సంగతి. తొమ్మిదేళ్ళ పిల్ల, నాన్న బ్యాగు మోస్తాను, తోస్తాను అంటుంది, ముద్దొస్తుంది, కానీ రోజంతా ఆ పని దానికి ఇవ్వకు. మా అమ్మాయి పదో క్లాసులో ఒకసారి, మనం ఎక్కడికెళ్ళినా అన్నయ్య వెళ్ళగలిగే చోటికే వెళ్తాం కదమ్మా అంది, కోపంగా కూడా అనలేదు, అప్పటి నుంచి నెలకో సాయంత్రం దాన్ని ఒక్కదాన్నే తీసుకెళ్ళేదాన్ని, మెట్లున్న చోటికే.

నువ్వు కూడా అరగంట చైర్ వదిలి ఎక్కడో ఒకచోట కూర్చోవాలి. సముద్రం వైపు చూస్తూ అయినా, ఫోన్ చూసుకుంటూ అయినా. అందుకే మొదటి రెండు మూడు సార్లు ఇంకో పెద్ద మనిషి లేకుండా వెళ్ళకు, మీ మరిది రాకపోతే నేనొస్తా.

నెల్లూరు వెళ్ళేటప్పుడు రైలు రాయితీ వాడుకో మర్చిపోకు, తోడు లేకుండా ప్రయాణం చెయ్యలేనివాళ్ళకి స్లీపర్, థర్డ్ ఏసీలో 75 శాతం తగ్గిస్తారు, తోడు వెళ్ళేవాళ్ళకీ అంతే. దానికి సర్టిఫికెట్ కావాలి, యూడీఐడీ కార్డు, అదే వికలాంగుల గుర్తింపు కార్డు, ఇంకా అప్లై చెయ్యలేదని మీ అమ్మ చెప్పింది, ఈ వారమే చెయ్యి.

మా మడత ర్యాంప్ పలక మెట్ల కింద ఉంది, మీ అపార్ట్‌మెంట్ గుమ్మంలో ఆ రెండు మెట్లకి సరిపోతుందనుకుంటా, కిట్టు కొలత పంపమంటున్నాడు, కింద నేల నుంచి పై మెట్టు దాకా ఎన్ని అంగుళాలో కొలిచి ఫోటో పెట్టు. బుధవారం పొద్దున ఐదున్నరకి రెడీగా ఉండండి, కాఫీ ఫ్లాస్క్ నేను తెస్తా, మురళి ఒప్పుకుంటేనే సుమా.

పెద్దమ్మ