మూడు వారాల కౌన్సెలింగ్ కోర్సుకు విజిటర్ వీసా ఎందుకు ఇవ్వలేదంటే

అమెరికాలో మూడు వారాల కౌన్సెలింగ్ కోర్సుకు విజిటర్ వీసా ఎందుకు తిరస్కరించారని అడిగారు కదా, కారణం బహుశా క్రెడిట్లే (డిగ్రీ పూర్తికి లెక్కలోకి వచ్చే పాయింట్లు). అమెరికాలో మూడు వారాలే ఉన్నా, డిగ్రీలో కలిసే బహుళ సాంస్కృతిక కౌన్సెలింగ్ కోర్సుకు విజిటర్ వీసా చెల్లదు. సాధారణంగా ఎఫ్-1 (విద్యార్థి వీసా) కావాలి.

చాలామంది పొరబడేది ఇక్కడే: ఆహ్వాన లేఖ ఉంటే చాలనుకుంటారు. ఎంత ఘనమైన లెటర్‌హెడ్ మీదున్నా అది ఐ-20 (విద్యార్థి వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే అధికారిక పత్రం) కాదు.

1. ఆ యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల విభాగాన్ని ఐ-20 అడగండి. పేరు అక్షరం పొల్లుపోకుండా పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మన ఇంటిపేర్లతో తేడాలొచ్చేది అక్కడే.
2. ఇంటర్వ్యూకు ముందే సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలు నమోదు చేసే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) ఫీజు 350 డాలర్లు కట్టి రసీదు తీసుకోండి.
3. కొత్త వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో పాత తిరస్కరణను దాచకండి. సంతకం చేసిన ఐ-20ని ఇంటర్వ్యూకు హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ ఉన్న నానక్‌రామ్‌గూడకు తీసుకెళ్లండి.

ఐ-20 ఇవ్వలేమంటే మాత్రం కోర్సు ఫీజు కట్టకండి.