ఒక పిల్లి పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ అంటువ్యాధితో చనిపోతే, ఇంట్లో ఉన్న రెండో పిల్లిని ఎలా కాపాడాలి?

రెండో పిల్లికి టీకాలు పూర్తి కాకపోతే వెంటనే డాక్టరుతో మాట్లాడి వేయించండి, ఇల్లంతా బ్లీచ్‌తో శుభ్రం చేయండి. ఈ పార్వో రకం వైరస్‌కు పైన కొవ్వు పొర ఉండదు. అందుకే సబ్బుకూ స్పిరిట్‌కూ చావదు, గదిలో ఏడాది దాకా నిలుస్తుంది.

ఉదాహరణకు మలవిసర్జన ట్రే. ముందు సబ్బుతో రుద్ది కడగాలి, మురికి మిగిలితే బ్లీచ్ పనిచేయదు. తర్వాత 1 వంతు బ్లీచ్‌కు 32 వంతుల నీళ్లు కలిపి పోసి, 10 నిమిషాలు తడిగానే ఉంచి, కడిగి ఆరబెట్టాలి. గీతలు పడిన ప్లాస్టిక్ ట్రే అయితే పారేయడమే మేలు.

ఫినాయిల్ చాలని చాలామంది అనుకుంటారు. అది ఈ వైరస్‌ను నమ్మకంగా చంపదు, పైగా పిల్లులకు విషం. గడప దాటని పిల్లికి భయం లేదనుకోవడమూ పొరపాటే. వైరస్ మన చెప్పులకు అంటుకుని లోపలికొస్తుంది. రెండు వారాలు గమనించండి: తిండి మానేసినా, వాంతి చేసుకున్నా ఆ రోజే డాక్టరుకు చూపించాలి.