ఆ నాలుగు అక్షరాలు చూసి బ్రాంచి మార్చుకోకు

బిడ్డా స్రవంతీ,

నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. పర్సనాలిటీ టెస్టులో ఈఎన్ఎఫ్‌పీ, అంటే నలుగురిలో కలిసిపోయే రకం అని వచ్చిందనీ, నలుగురితో మాట్లాడందే ఉండలేని నాకు కోడింగ్ ఏం సరిపోతుందనీ నీ టెన్షన్.

ఎంబీటీఐ అనే ఆ టెస్టుకు మూలం స్విస్ మనోవైద్యుడు కార్ల్ యుంగ్ 1921లో రాసిన పుస్తకం. దాన్ని పట్టుకుని అమెరికాలో కాథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇజబెల్ మయర్స్ పదహారు రకాల మనుషుల లెక్క కట్టారు. ఇద్దరూ సైకాలజీ చదివినవాళ్లు కారు. కొన్ని వారాలాగి మళ్లీ రాస్తే చాలామందికి అక్షరాలు మారిపోతాయి. ఉద్యోగానికి మనుషులను ఎంచుకోవడానికి దీన్ని వాడొద్దని అమ్మే కంపెనీయే చెబుతుంది. ఇంక నువ్వెందుకు వాడుతున్నావు?

ప్రోగ్రామర్లకు మనుషులంటే పడదనే మాట కూడా పాతదే. 1966లో కానన్, పెర్రీ అనే ఇద్దరు అమెరికాలో ప్రోగ్రామర్ల ఇష్టాయిష్టాలు అడిగి, వీళ్లకు మనుషుల మీద ఆసక్తి తక్కువని రాశారు. ఆ మాట నమ్మి కంపెనీలు అలాంటివాళ్లనే వెతికి తీసుకుంటే ఆఫీసులో అలాంటివాళ్లే కనబడతారు కదా! ఇప్పుడు రోజూ పొద్దున టీమ్ మీటింగులో నోరు విప్పాల్సిందే. క్లయింటు అడిగింది ఒకటి, అతనికి కావలసింది ఇంకొకటి. ఆ తేడా పసిగట్టేది నీలా మాట్లాడించే పిల్లలే.

నేను కొత్తవాళ్లలో చూసేది వేరే. ఎవరో రాసిన కోడ్‌లో తప్పుంది, ఎక్కడుందో తెలియదు. గంట గడిచింది. చిరాకు అందరికీ వస్తుంది, నాకు ఇప్పటికీ వస్తుంది. ఆ చిరాకులో ల్యాప్‌టాప్ మూసేస్తావా, "ఈ లైన్ తీసేసి చూద్దాం" అంటావా? పట్టిన పని వదలని గుణం ఏ ఉద్యోగంలోనైనా కొంత అక్కరకొస్తుందని పరిశోధనలూ చెబుతున్నాయి. అది నీలో ఉందో లేదో ఏ క్విజ్జూ చెప్పలేదు. ఈ సెలవుల్లో స్నేహితురాలి ప్రాజెక్టు తీసుకుని, వీడియోలు చూడకుండా, ఏఐని అడగకుండా ఒక్క బగ్ పట్టు. ఒక్కరోజుతో తేల్చకు, కొన్నాళ్లు చెయ్యి.

మడికొండ ఐటీ పార్కులో చేసే మీ సీనియర్లను ఒక ఆదివారం హన్మకొండలో టీకి పిలువు. ప్యాకేజీ ఎంతని అడగకు. నిన్న పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏం చేశారో అడుగు. టెస్టింగ్ చేసే అమ్మాయి దినచర్య, డేటాబేస్ చూసే అబ్బాయి దినచర్య ఒకేలా ఉండవు.

అప్పటిదాకా అమీర్‌పేట కోచింగ్‌కు ఫీజు కట్టొద్దని అమ్మతో చెప్పు. నా మాట అని చెప్పు, నువ్వు చెబితే వినదు.

నీ మేనమామ