గీజరుకు గడియారం కట్టే ముందు

అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. మిర్యాలగూడ ఇంటికి వైరింగు మొదలైందని, కరెంటు ఆదాకని గదికో వేడి చూసే సెన్సరు పెట్టిస్తానంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చలిదేశాల వాళ్లు ఇల్లు వెచ్చగా ఉంచుకోవడానికి చేసుకున్న ఏర్పాటు అది. మన నల్లగొండ జిల్లాలో ఆ పని ఎండ చూసుకుంటుంది. మనం కరెంటు పెట్టి రోజూ కాచేది స్నానం నీళ్లనే. అందుకే గీజరు దగ్గర మొదలుపెట్టు.

పదిహేను లీటర్ల నీళ్లు 20 డిగ్రీల నుంచి 50కి రావడానికి అర యూనిట్ చాలు. 2 కిలోవాట్ల గీజరుకు అది పావుగంట పని. ఆపడం మరిచిపోయామా, చల్లారిన నీళ్లనే పొద్దంతా మళ్లీ మళ్లీ కాస్తూ ఉంటుంది. సాకెట్టుకూ గీజరుకూ మధ్య తగిలించి ఫోను యాప్‌తో నడిపే, టైమరున్న స్మార్ట్ ప్లగ్గు ఆపేది ఈ దండగనే. నెలకు 200 యూనిట్లు దాటితే మొదటి యూనిట్ల రేటూ మారిపోతుంది కనుక, ఈ చిన్న దండగే ఒక్కోసారి గీత దాటిస్తుంది.

ప్లగ్గు 16 ఆంపియర్లదే కొను. నేను చవకగా వచ్చిందని 10 ఆంపియర్లది తెచ్చి 3 కిలోవాట్ల గీజరుకు తగిలించాను. ఆ గీజరు లాగేది 13. ముప్పై ఏళ్లు వైరింగు చేసినవాణ్ణి, డబ్బా మీద అక్షరాలు చదవలేదు! నాలుగో రోజు పొద్దున బాత్రూం బయట కాలిన వాసన. విప్పి చూస్తే పిన్నుల చుట్టూ తెల్ల ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, బెల్లం పాకంలా సాగి ఉంది. మీ అత్తయ్య దాన్ని పారేయనివ్వలేదు. నేను ఎవరికైనా సలహా చెప్పబోతే తెచ్చి ముందు పెడుతుంది.

కరెంటు పోయి వచ్చాక ప్లగ్గు ఎలా ఉండాలో యాప్‌లో ఒక సెట్టింగు ఉంటుంది. దాన్ని ఆఫ్‌లో పెట్టు. లేకపోతే ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నం కరెంటు రాగానే గీజరు తనంతట తానే మొదలవుతుంది. వైఫై లేకున్నా టైమరు నడిచే రకమేనా అనీ అడిగి తీసుకో.

బోరు నీళ్లు వాడితే కాయిల్ మీద సున్నపు పొర కడుతుంది. వేడి నీటికి చేరక కాయిలే కాలిపోతుంది. ఈ ప్లగ్గు ఆ సంగతి చెప్పదు. ఏడాదికోసారి విప్పించి గీకించు.

ఏసీని మాత్రం కదలికను పసిగట్టే సెన్సరుకు అప్పగించకు. మామూలుగా దొరికే రకం ఒంటి వేడికీ చుట్టూ ఉన్న వేడికీ తేడాను చూస్తుంది. మే నెలలో మన గోడలే ఒంటి వేడికి చేరువగా ఉంటాయి, దానికి మనిషి ఆనడు. పైగా నిద్రలో ఉన్నవాళ్లు కదలరు. రాత్రి రెండింటికి ఏసీ ఆగిపోయి మీ అమ్మ చెమటతో లేస్తే నీకు నిద్ర ఉండదు. 24 దగ్గర పెట్టి ఫ్యాను వేసుకోండి, చాలు. 2020 నుంచి స్టార్ లేబులున్న ఏసీలన్నీ 24తోనే మొదలవ్వాలని నియమం కూడా ఉంది.

ఎన్ని పెట్టినా గీజరు దగ్గరి మామూలు స్విచ్చు తీసేయించకు. కళ్లజోడు వెతుక్కుని, ఫోను తెరిచి, యాప్ నొక్కి స్నానానికి వెళ్లేంత ఓపిక మీ అమ్మకు లేదు. ఆ పాయింటుకు 4 చదరపు మిల్లీమీటర్ల తీగ లాగమను, ఎర్తు తప్పకుండా ఇప్పించు. ఆదివారం బస్సుకు వస్తాను, అప్పటిదాకా ఆ గోడ పూడ్చనివ్వకు.

మీ మామయ్య