లింకర్‌తో వాదించే ముందు ఆబ్జెక్ట్ ఫైలు తెరిచి చూడు

తార్నాక, హైదరాబాద్

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

కంపైలరు తయారుచేసిన ఆబ్జెక్ట్ ఫైళ్లను (డాట్ ఓ ఫైళ్లు) కలిపి ఒక ప్రోగ్రాముగా కట్టేది లింకర్ కదా; నువ్వు పంపిన దాని లాగు, అంటే సందేశాల చిట్టా, మొత్తం చదివాను. ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ (వాడిన పేరుకు నిర్వచనం దొరకలేదు) అనే ఫిర్యాదు అందులో పదే పదే వస్తోంది. అది వచ్చిన ప్రతిసారీ మీ టీములో ఎవరో ఒకరు మేక్‌ఫైలులో (బిల్డు ఎలా చేయాలో రాసే ఫైలు) మరో లైబ్రరీ పేరు తగిలించుకుంటూ పోయారు. రాయదుర్గం ఆఫీసులో బిల్డు బాధ్యత ఇప్పుడు నీ చేతికి వచ్చింది కాబట్టి, ఈ అలవాటు నీ దగ్గర ఆగిపోవాలని కోరుతూ రాస్తున్నాను. ఫలానా పేరు దొరకలేదని లింకర్ చెప్పినప్పుడు, ఎందుకు దొరకలేదన్న సమాధానం దాదాపు ఎప్పుడూ ఆ ఆబ్జెక్ట్ ఫైళ్లలోనే రాసి ఉంటుంది. ఊహించి ఫ్లాగులు (ఆదేశానికి ఇచ్చే ఆప్షన్లు) మార్చకుండా, ముందు వాటిని తెరిచి చదవడం నేర్చుకో. అందుకు కావలసిన పనిముట్లు గ్నూ బిన్‌యుటిల్స్ అనే ప్యాకేజీలో ఉన్నాయి. కంపైలరు ఉన్న దాదాపు ప్రతి లినక్స్ మెషీన్‌లోనూ అవి ముందే ఉంటాయి. ఇవి నిన్న మొన్న పుట్టినవి కావు. ఏఆర్ (ఆర్కైవులు కట్టేది), ఎన్‌ఎం (పేర్లు చూపేది), స్ట్రిప్ (పేర్లు తీసేసేది), ఎల్‌డీ (లింకర్) అనే నాలుగు ఆదేశాలూ 1971 నవంబరులో బెల్ ల్యాబ్స్ వెలువరించిన యూనిక్స్ తొలి మాన్యువల్‌లోనే కనిపిస్తాయి. వీటి మీద పెట్టిన శ్రమ నీ ఉద్యోగ జీవితమంతా పనికొస్తుంది.

మొదట డాట్ ఏ ఫైలు అంటే ఏమిటో స్పష్టంగా తెలుసుకో. స్టాటిక్ లైబ్రరీ అనగానే అదేదో కంపైలరు కలిపి ముద్ద చేసిన పదార్థం అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది కొన్ని డాట్ ఓ ఫైళ్లను వరుసగా పేర్చిన ఆర్కైవు మాత్రమే. ఫైలు మొదట్లో అది ఆర్కైవు అని చెప్పే 8 బైట్ల గుర్తు ఉంటుంది. ఆ తర్వాత ప్రతి సభ్య ఫైలుకూ ముందు 60 బైట్ల శీర్షిక ఉంటుంది: పేరుకు 16, సమయానికి 12, యజమానికి 6, గ్రూపుకు 6, అనుమతులకు 8, పరిమాణానికి 10, ముగింపు గుర్తుకు 2. ఇవన్నీ మామూలు అక్షరాలుగానే రాసి ఉంటాయి కాబట్టి హెక్స్ డంపులో కంటితో చదువుకోవచ్చు. ఇందులో కంప్రెషన్ ఏమీ లేదు. ఈ సంగతి నీకు నమ్మకంగా మనసుకెక్కాలంటే ఉబుంటులో ఏదైనా ఒక డెబ్ ప్యాకేజీని డౌన్‌లోడ్ చేసి, దాని మీద ఏఆర్ ఆదేశాన్ని లోపలి జాబితా చూపే టీ అనే అక్షరంతో నడిపి చూడు. ఆ ప్యాకేజీ కూడా ఇదే తరహా ఆర్కైవు. ప్యాకేజీ వెర్షన్ చెప్పే చిన్న ఫైలు, కంట్రోల్ సమాచారం ఉన్న టార్ ఫైలు, అసలు సరుకు ఉన్న టార్ ఫైలు వరుసగా నీ ముందు కనిపిస్తాయి.

ఆర్కైవును తయారుచేసేటప్పుడు అందరూ ఆర్, సీ, ఎస్ అనే మూడు అక్షరాలను కలిపి రాస్తారు కానీ, వాటి అర్థం అడిగితే చెప్పగలిగేవారు తక్కువ. సీ అంటే ఆర్కైవు లేకపోతే హెచ్చరించకుండా సృష్టించమని, ఎస్ అంటే లింకర్ వెతుక్కోవడానికి సింబళ్ల (ఫంక్షన్లు, వేరియబుళ్ల పేర్ల) సూచిక రాయమని అర్థం. రాన్‌లిబ్ అనే ఆదేశం చేసేదీ ఈ రెండో పనే. ప్రమాదం ఉన్నది ఆర్ అనే అక్షరంలో. అది ఇచ్చిన ఫైళ్లను చేరుస్తుంది, అదే పేరుతో పాతది ఉంటే దాని స్థానంలో కొత్తది పెడుతుంది. ఇవ్వని ఫైళ్ల జోలికి మాత్రం పోదు. నేను పనిచేసిన ఒకచోట ఒక సోర్సు ఫైలును ప్రాజెక్టు నుంచి తొలగించారు, మేక్‌ఫైలులోనూ దాని పేరు తీసేశారు. అయినా దాని డాట్ ఓ రూపం పాత ఆర్కైవులో అలాగే ఉండిపోయింది కనుక, అందులోని ఫంక్షన్లను పిలిచే కోడ్ డెవలపర్ల మెషీన్లలో వారాల తరబడి నిక్షేపంగా లింకయింది. ఖాళీ డైరెక్టరీతో మొదలుపెట్టే బిల్డు సర్వరులో మాత్రం ప్రతి రాత్రీ విఫలమైంది. డెవలపర్ల మాటా, సర్వరు మాటా నిజమే, రెండు చోట్లా ఉన్న ఆర్కైవే వేరు. కాబట్టి నీ మేక్‌ఫైలులో ఆర్కైవు తయారుచేసే ప్రతి చోటా, ముందు పాత ఆర్కైవును తొలగించి, ఆ తర్వాతే కొత్తది కట్టించు. దీనికి అయ్యే సమయం లెక్కలోకి రాదు.

ఒకే పేరున్న ఫైళ్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఏఆర్ సాధారణంగా డైరెక్టరీని వదిలేసి ఫైలు పేరును మాత్రమే దాచుకుంటుంది. రెండు వేర్వేరు డైరెక్టరీల్లో యుటిల్ డాట్ ఓ అనే ఫైళ్లు ఉండి, వాటిని వేర్వేరు ఆదేశాలతో చేరిస్తే, రెండోది మొదటిదాన్ని తొలగించి దాని చోట కూర్చుంటుంది. ఒకే ఆదేశంలో ఇస్తే రెండూ లోపలికి వెళతాయి, కానీ ఎక్స్ అక్షరంతో బయటికి తీసినప్పుడు ఒకటి మరొకదాని మీద రాయబడి పోతుంది. సోర్సు ఫైళ్లకు మాడ్యూలు పేరు ముందు చేర్చి పెట్టడమే దీనికి సరైన మందు.

ఇక నీ అసలు సమస్యకు వస్తాను. ఎన్‌ఎం అనే ఆదేశం ఆబ్జెక్ట్ ఫైలులోని సింబళ్లను ఒక్కో వరుసలో ఒక్కటి చొప్పున చూపిస్తుంది: చిరునామా, ఒక అక్షరం, పేరు. ఆ మధ్య అక్షరమే నీకు ముఖ్యం. క్యాపిటల్ టీ అంటే ఆ ఫంక్షను ఇక్కడే ఉంది, బయటివారు వాడుకోవచ్చు. స్మాల్ టీ అంటే ఇక్కడే ఉంది, కానీ స్టాటిక్ అని ప్రకటించడం వల్ల ఈ ఫైలుకే పరిమితం. క్యాపిటల్ యూ అంటే ఇక్కడ వాడారు, నిర్వచనం మరోచోట వెతుక్కోవాలి. దాని ముందు చిరునామా గడి ఖాళీగా ఉంటుంది. డీ విలువ ఇచ్చిన డేటాకు, బీ విలువ ఇవ్వని డేటాకు, డబ్ల్యూ వీక్ సింబలుకు (అసలుది వస్తే తప్పుకునే తాత్కాలిక నిర్వచనం) గుర్తు. పాత సీ కోడ్‌లో సీ అనే అక్షరం కూడా కనిపించవచ్చు. హెడరులో ఎక్స్‌టర్న్ అని రాయకుండా ప్రకటించిన గ్లోబల్ వేరియబుళ్లు అలా నమోదయ్యేవి, ఒకే పేరున్నవాటిని లింకర్ ఒక్కటిగా కలిపేది. 2020లో వచ్చిన జీసీసీ కంపైలరు 10వ వెర్షన్ నుంచి ఆ వెసులుబాటు డిఫాల్టుగా పోయింది కనుక, అలాంటి కోడ్ ఇప్పుడు ‘మల్టిపుల్ డెఫినిషన్’ అని ఆగిపోతుంది. అప్పుడు పాత ఫ్లాగు తెచ్చి పెట్టకుండా హెడరునే సరిచేయించు.

లింకర్ ఏ పేరు గురించి ఫిర్యాదు చేసిందో ఆ పేరును తీసుకుని, ఎన్‌ఎంకు ఫైలు పేరు కూడా చూపించే, క్యాపిటల్ ‘ఏ’ అక్షరపు ఆప్షను ఇచ్చి, ఉన్న లైబ్రరీలన్నిటి మీదా నడిపి, వచ్చినదాన్ని గ్రెప్‌తో వడకట్టు. ఎక్కడా క్యాపిటల్ టీ గానీ స్మాల్ టీ గానీ లేకపోతే ఆ సోర్సు అసలు కంపైలే కాలేదు, లేదా ఏదో ఇఫ్‌డెఫ్ షరతు కింద పడి మాయమైంది. స్మాల్ టీ మాత్రమే ఉంటే ఎవరో స్టాటిక్ అని రాశారు. పేరు ఉండి కూడా రూపం వేరుగా కనిపిస్తే, ఒక వైపు సీ, మరో వైపు సీ ప్లస్ ప్లస్ ఉందన్నమాట. రెండు ఇంట్‌లు తీసుకునే యాడ్ అనే ఫంక్షను సీలో యాడ్ అనే పేరుతోనే ఉంటుంది. సీ ప్లస్ ప్లస్‌లో అండర్‌స్కోర్, జెడ్, 3, యాడ్, ఐ, ఐ అన్నీ కలిసిన ఒకే పేరుగా మారుతుంది. అందులో 3 అనేది పేరులోని అక్షరాల సంఖ్య, రెండు ఐలు రెండు ఇంట్‌లకు గుర్తు. ఎన్‌ఎంకు క్యాపిటల్ సీ ఆప్షను ఇస్తే వీటిని మామూలు రూపంలో చూపిస్తుంది కానీ, ఈ తగువు తేల్చేటప్పుడు ముడి రూపంలోనే చూడు. తేడా కనిపించేది అక్కడే. హెడరులో ఎక్స్‌టర్న్ సీ చేర్చితే ఇద్దరూ ఒకే పేరుతో పిలుచుకుంటారు.

పేరు ఉంది, రూపమూ సరిపోయింది, అయినా లింకర్ దొరకలేదంటే, అప్పుడు వరుస చూడాలి. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల వరుస వెంట, చేతిలో జాబితా పట్టుకుని ఒక్కసారే నడిచే మనిషిని తలచుకో. ప్రతి కుప్ప దగ్గరా ఆగి తన జాబితాలో అప్పటికి ఉన్నవాటినే తీసుకుంటాడు. ముందుకు వెళ్లాక జాబితాలో కొత్త పేరు చేరినా, దాటిపోయిన కుప్ప దగ్గరికి వెనక్కి రాడు. గ్నూ లింకర్ ఆర్కైవులను ఎడమ నుంచి కుడికి సరిగ్గా ఇలాగే చూస్తుంది. కాబట్టి వాడేవాడు ముందు, వాడబడేది తర్వాత రావాలి: మీ మెయిన్ ఆబ్జెక్ట్, దాని వెనుక డ్రైవర్ల లైబ్రరీ, దాని వెనుక డ్రైవర్లు ఆధారపడే లైబ్రరీ. రెండు లైబ్రరీలు ఒకదాన్నొకటి వాడుకుంటూ ఉంటే, వాటిని స్టార్ట్ గ్రూప్, ఎండ్ గ్రూప్ అనే ఆప్షన్ల మధ్య పెడితే కొత్తగా తీయవలసింది ఏమీ మిగలనంతవరకు మళ్లీ మళ్లీ వెతుకుతుంది. నీ లాగులో ఒకే లైబ్రరీ పేరు ఇన్నిసార్లు ఎందుకు ఉందో దీనివల్ల నీకు అర్థమవుతుంది.

ఫర్మ్‌వేర్ (బోర్డు మీద నేరుగా నడిచే ప్రోగ్రాము) పనిలో ఇంతకంటే ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది, ఎందుకంటే అందులో లింకర్ ఏ ఫిర్యాదూ చేయదు. స్టార్టప్ ఫైలులో ప్రతి ఇంటరప్టుకూ (హార్డ్‌వేరు నుంచి వచ్చే పిలుపు) ఒక వీక్ హ్యాండ్లరు (దానికి స్పందించే ఫంక్షను) ఉంటుంది. సాధారణంగా అది అనంత లూపులో తిరుగుతుంది. నువ్వు రాసిన అసలు హ్యాండ్లరును ఆర్కైవులో పెట్టావనుకో. వీక్ అయినా సరే నిర్వచనం అప్పటికే దొరికింది కనుక, దాని కోసం లింకర్ ఆర్కైవులోకి చూడనే చూడదు. అదే సభ్య ఫైలులోని మరో ఫంక్షనును ఎవరైనా పిలిస్తే తప్ప నీ హ్యాండ్లరు లోపలికి రాదు. బిల్డు సజావుగా ముగుస్తుంది, బోర్డు మాత్రం మొదటి ఇంటరప్టుకే బిగుసుకుపోతుంది. అందుకే లింకయిన తుది ప్రోగ్రాము, అంటే ఎల్ఫ్ ఫైలు మీద ఎన్‌ఎం నడిపి, ఆ హ్యాండ్లరు పక్కన డబ్ల్యూ ఉందో టీ ఉందో చూడు. డబ్ల్యూ ఉంటే నీ కోడ్ రాలేదు. ఆ డాట్ ఓ ఫైలును లింకర్‌కు నేరుగా ఇవ్వు, లేదా ఆ ఒక్క లైబ్రరీకి హోల్ ఆర్కైవ్ ఆప్షను పెట్టి, వెంటనే నో హోల్ ఆర్కైవ్‌తో మూసేయి. ఏ సభ్యుడు ఎవరి కోసం లోపలికి వచ్చాడో లింకర్ మ్యాప్ ఫైలులో రాసి ఉంటుంది. దాన్ని ప్రతి బిల్డులోనూ తీయించి దాచు.

స్ట్రిప్ విషయంలో నా మాట కచ్చితంగా పాటించు. ఆప్షన్లు లేకుండా స్టాటిక్ లైబ్రరీ మీద స్ట్రిప్ నడిపితే, లింకర్‌కు అవసరమైన పేర్లే పోయి ఆ లైబ్రరీ పనికిరాకుండా పోతుంది. లైబ్రరీలకు డీబగ్ సమాచారాన్ని మాత్రమే తీసే ఆప్షను వాడాలి. కస్టమరుకు ఇచ్చే ప్రోగ్రామును స్ట్రిప్ చేసే ముందు, ఆబ్జ్‌కాపీతో డీబగ్ సమాచారాన్ని వేరే ఫైలుగా తీసి, ఆ తర్వాత స్ట్రిప్ చేసి, చివర డీబగ్‌లింక్ చేర్చు. ఆ లింకులో డీబగ్ ఫైలు పేరు, దాని చెక్‌సమ్ ఉంటాయి కాబట్టి, వేరే బిల్డుకు చెందిన ఫైలును డీబగ్గరు జీడీబీ పొరపాటున కూడా అంగీకరించదు. ఆరు నెలల తర్వాత కస్టమరు ఒక క్రాష్ చిరునామా పంపినప్పుడు, ఈ ఫైలు ఉంటే అడ్రెస్ టు లైన్ ఆదేశంతో ఫంక్షను పేరు, సోర్సు వరుస తెలిసిపోతాయి. లేకపోతే ఎంత తెలివైనవాళ్లయినా చేసేది తక్కువ. అది లినక్స్ మీద నడిచే పీఐఈ (మెమరీలో ఏ చిరునామాలోనైనా లోడు కాగల) ప్రోగ్రామైతే, క్రాష్ చిరునామా నుంచి లోడయిన మూల చిరునామాను తీసేసి ఇవ్వాలని మాత్రం మరువకు.

మిగతావాటి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. సైజ్ ఆదేశం టెక్స్ట్ (కోడ్), డేటా (విలువ ఇచ్చిన వేరియబుళ్లు), బీఎస్ఎస్ (విలువ ఇవ్వనివి) మూడింటి పరిమాణాన్నీ చూపిస్తుంది. మీ బోర్డులో టెక్స్ట్ ఫ్లాష్‌ను, బీఎస్ఎస్ ర్యామ్‌ను, డేటా రెండింటినీ తింటుందని గుర్తుంచుకో. రీడ్ ఎల్ఫ్ సెక్షన్ల వివరాలకు, ఆబ్జ్‌డంప్ యంత్ర సూచనలు చూడటానికి. ఎల్‌టీఓతో (లింకు సమయంలో చేసే ఆప్టిమైజేషన్) కంపైల్ చేసిన ఫైళ్లకు మామూలు ఏఆర్ బదులు జీసీసీ ఏఆర్ వాడు, లేదంటే సూచికలో సింబళ్లు చేరకపోవచ్చు. ఒకే సోర్సు నుంచి ప్రతిసారీ అచ్చంగా అవే బైట్లు రావాలంటే, శీర్షికలోని సమయాన్నీ యజమాని సంఖ్యలనూ సున్నా చేసే క్యాపిటల్ డీ అక్షరం ఏఆర్‌కు ఇవ్వు. ఉబుంటులో డిఫాల్టే అది. అయితే సభ్యుల సమయాన్ని బట్టి నిర్ణయం తీసుకునే పాత మేక్ రూళ్లు అప్పుడు ప్రతిసారీ ఆర్కైవును మళ్లీ కడతాయి. అటువంటివి కనిపిస్తే తీసేయి.

ఒక్క విషయం ఎవరూ ముందుగా చెప్పరు కనుక రాస్తున్నాను. బోర్డు కోసం కంపైల్ చేసిన ఫైళ్లను ల్యాప్‌టాప్ సొంత పనిముట్లతో కాకుండా, మీ క్రాస్ కంపైలరుతో (బోర్డు ప్రాసెసరుకు కోడ్ తయారుచేసేది) వచ్చిన, ఆర్మ్ అనే మాట పేరు ముందు ఉన్న పనిముట్లతోనే తెరువు. మేక్‌ఫైలులో ఏఆర్, ఎన్‌ఎం, స్ట్రిప్, ఆబ్జ్‌కాపీ నాలుగింటికీ వేరియబుళ్లు పెట్టి, అన్నిటికీ ఆ పేరును ఒకేచోట నిర్ణయించు. మీ పాత మేక్‌ఫైలులో స్ట్రిప్ ఒక్కదానికే అది లేదు. సోమవారం ముందుగా ఆ వరుస సరిచేయి.

మీ అమ్మకు, బావగారికి నా నమస్కారాలు.

ఇట్లు,
మామయ్య