దిగేటప్పుడు కనిపించే పేర్లు

తమ్ముడూ,

నీ జపాన్ యాత్రావ్యాసం అందింది. మూడుసార్లు చదివాను, అందులో రెండుసార్లు పెన్సిల్ పట్టుకుని. తిరిగొచ్చిన నెలలోపే ఇంత రాశావంటే నీకు రాయాలనే ఆకలి గట్టిగానే ఉంది. అందుకే మొహమాటం పక్కనపెట్టి రాస్తున్నాను.

క్యోటోలో ఫుషిమి ఇనారి ఆలయమున్న కొండతో మొదలుపెడతాను. దాన్ని నువ్వు "ఎర్రటి ద్వారాల సొరంగం" అన్నావు. ఆ కొండ ఫోటో ఎక్కడ కనిపించినా దాని కింద ఆ మాటే ఉంటుంది. అది నువ్వు చూసింది కాదు, వెళ్ళకముందే నీ కళ్ళలో ఉన్నది. సగం దాకా ఎక్కి వెనక్కి దిగానని రాశావు కదా, దిగేటప్పుడు స్తంభాల వైపు చూశావా? ఎక్కేవాళ్ళకు వట్టి సింధూరం రంగే కనిపిస్తుంది. దిగేవాళ్ళకు నల్లటి అక్షరాలు కనిపిస్తాయి. ఒక స్తంభం మీద ఆ తోరీ, అంటే ఆలయ ద్వారం, ఇచ్చినవాళ్ళ పేరు, రెండో స్తంభం మీద ఇచ్చిన తేదీ. కంపెనీలున్నాయి, చిన్న దుకాణాలున్నాయి, మనుషుల పేర్లూ ఉన్నాయి. ఇనారి వరిపంటకూ వ్యాపారానికీ దైవం. తమ వ్యాపారం బాగుండాలని మొక్కుకున్నవాళ్ళు, మొక్కు తీరినవాళ్ళు ఇచ్చినవే అవన్నీ. చెక్కవి కాబట్టి కొన్నేళ్ళకు పుచ్చిపోతాయి, అక్కడ మళ్ళీ కొత్తవి నిలబెడతారు. ఈ సంగతి నేను కూడా రెండోసారి వెళ్ళినప్పుడే గమనించాను. మొదటిసారి అక్షరాలు కనిపించినా వాటిని అలంకారమే అనుకున్నాను. అక్కడి నక్కను దేవుడన్నావు, అది కూడా దిద్దుకో. నక్క ఇనారి దూత. కొన్ని నక్కల నోట్లో తాళంచెవి ఉంటుంది, అది ధాన్యపు కొట్టుది.

ఇసే జింగూ ఆలయం గురించి "వేల ఏళ్ళ నాటి కట్టడం" అని రాశావు. ఈ వాక్యం దగ్గర నాకు బాధేసింది, ఎందుకంటే అక్కడి అసలు విశేషం దానికింద నలిగిపోయింది. ఆ ఆలయాన్ని ఇరవై ఏళ్ళకోసారి పక్కనే ఖాళీగా ఉంచిన స్థలంలో కొత్త కలపతో మొత్తం కడతారు. కట్టాక దేవతను అందులోకి తీసుకెళ్ళి పాతదాన్ని విప్పేస్తారు. 690లో మొదలైన ఆచారం ఇది. యుద్ధాల కాలంలో వంద ఏళ్ళకు పైగా ఆగిపోయినా మళ్ళీ అందుకున్నారు. 2013లో జరిగింది అరవైరెండోది, తర్వాతిది 2033లో. విప్పిన కలపను పారెయ్యరు. దూలాన్ని మోసిన పెద్ద స్తంభాలు ఉజి వంతెన రెండు చివర్లా తోరీలుగా నిలబడతాయి. నువ్వు ఆ వంతెన దాటావు, దాని ఫోటో కూడా పంపావు! అంటే ఒకప్పటి గర్భగుడి స్తంభాల మధ్యనుంచి నడిచి వెళ్ళావన్నమాట. పాత పద్ధతి, కొత్త చెక్క. దాన్ని పాతదనాలా, కొత్తదనాలా? ఈ ప్రశ్న పట్టుకుంటే నీ వ్యాసానికి వెన్నెముక దొరుకుతుంది. తొందరపడి జవాబు మాత్రం చెప్పకు.

ఇక మన వాళ్ళందరం చేసే పని ఒకటుంది. ఎక్కడికెళ్ళినా మన ఊరి ఆనవాళ్ళు వెతుకుతాం. తప్పు లేదు, కానీ దొరికినవన్నీ నిజం కావు. "తోరీ అనే మాట మన తోరణం నుంచే పుట్టింది" అని ఖాయంగా రాశావు. పండితులు ఇంకా తేల్చని సంగతి అది, కొట్టెయ్. బెన్‌జయితెన్ సంగతి వేరు. ఆవిడ మన సరస్వతే. బౌద్ధంతోపాటు చైనా మీదుగా అక్కడికి చేరింది, చేతిలో వీణకు బదులు బివా అనే తీగల వాద్యం ఉంటుంది. ఇది నిశ్చింతగా రాయొచ్చు. కానీ "మన దేవత" అని గర్వపడి అక్కడే ఆగిపోయావు. కామకురాలో ఆవిడకున్న జెనియరాయి బెన్‌తెన్ ఆలయం దగ్గర చిన్న వెదురుబుట్టల్లో డబ్బులు పెట్టి ఊటనీళ్ళలో కడుగుతారు, అవి పెరుగుతాయని. చదువులతల్లి పేరున్న చోట జనం నోట్లు కడుగుతున్నారు! ఆవిడ ఆ దేశంలో ఇన్ని వందల ఏళ్ళు తనదైన బతుకు బతికింది. దాన్ని చూడాలి మనం.

జింజాకీ (జపాన్ సొంత మతమైన షింటో ఆలయానికి), బౌద్ధాలయానికీ రెంటికీ నువ్వు "గుడి" అనే వాడావు. టోక్యోలోని అసకుసాలో సెన్సోజీ బౌద్ధాలయం, దాని పక్కనే ఉన్న అసకుసా జింజా షింటో ఆలయం. రెండూ శతాబ్దాలు కలిసే ఉండేవి, 1868లో మెయిజి ప్రభుత్వం విడదీసింది. ఒక్క వాక్యం చాలు, కానీ ఉండాలి.

గియోన్ వీధిలో తీసిన కిమోనో అమ్మాయి ఫోటో తీసెయ్. కింద "గేషా" అని రాశావు. పాటతో, నాట్యంతో అతిథులను అలరించే ఆ కళాకారిణులను క్యోటోలో గెయికో అంటారు, ఇంకా నేర్చుకుంటున్నవాళ్ళను మయికో అంటారు. పైగా ఆ వీధుల్లో కిమోనోలు అద్దెకు తీసుకుని తిరిగే టూరిస్టులే ఎక్కువ, ఆ అమ్మాయి ఎవరో నీకు తెలియదు. నిజంగా మయికో అయితే పనికి వెళ్తున్న మనిషి. ఫోటోల కోసం వెంటపడేవాళ్ళతో విసిగిపోయి 2024లో అక్కడి ప్రైవేటు సందుల్లోకి టూరిస్టులు రాకుండా బోర్డులు పెట్టారు. అడగకుండా తీసిన మొహం మన వ్యాసానికి వద్దు.

"జపాన్ వాళ్ళు క్రమశిక్షణకు మారుపేరు, మనమెప్పుడు నేర్చుకుంటాం" అనే పేరా గురించి ఎక్కువ చెప్పను. ఇంకో దేశాన్ని కర్రలా పట్టుకుని మనవాళ్ళను కొట్టడం మొదలుపెడితే రెండు దేశాలూ కనిపించకుండా పోతాయి. నాకు జరిగింది చెప్తాను. ఒక చిన్న ఊళ్ళో లోకల్ బస్సు వెనక తలుపు నుంచి ఎక్కాను. తలుపు పక్కనున్న పెట్టెలోంచి అంకె వేసిన చీటీ తీసుకోవాలి. ముందున్న బోర్డు మీద మన అంకె కింద ఛార్జీ పెరుగుతూ వస్తుంది, దిగేటప్పుడు చీటీ, చిల్లర కలిపి డ్రైవర్ పక్కనున్న డబ్బాలో వెయ్యాలి. నాకు అదేమీ తెలియదు. నా వెనకే ఎక్కిన ముసలావిడ రెండు చీటీలు లాగి ఒకటి నా చేతిలో పెట్టి, వెళ్ళి తన సీట్లో కూర్చుంది. మళ్ళీ నా వైపు చూడలేదు. దీన్నిబట్టి "జపాన్ వాళ్ళు సహాయశీలురు" అని నేను రాయలేదు. ఆవిడ చెయ్యి గురించి రాశాను, ఆ చీటీ గురించి రాశాను.

నీ వ్యాసంలో ఇలాంటిది ఒకటుంది, అదే ఈ ఉత్తరం రాయించింది. నారాలో ఏదో చిన్న జింజా దగ్గర ఆకులు ఊడుస్తున్న పెద్దాయన, నువ్వు గరిటెతో నేరుగా నీళ్ళు నోట్లో పోసుకోబోతుంటే ఆపి, ఆలయంలోకి వెళ్ళేముందు చేతులూ నోరూ ఎలా కడుక్కోవాలో చూపించాడన్నావు. ఎడమ చెయ్యి, కుడి చెయ్యి, ఎడమ అరచేతిలోకి నీళ్ళు వంచుకుని నోరు, చివర్లో గరిటెను నిలువుగా ఎత్తి మిగిలిన నీళ్ళు పిడి మీదుగా కారనివ్వడం, తర్వాత పట్టుకునేవాళ్ళ కోసం. అంతా ఒక్క వాక్యంలో దాటేసి డీర్ పార్క్ జింకల దగ్గరికి పరిగెత్తావు.

వెనక్కి వెళ్ళు. ఆయన చీపురు ఎక్కడ ఆనించాడు? నీ చెయ్యి పట్టుకున్నాడా, దూరం నుంచే చూపించాడా? ఏమన్నాడు? అర్థం కాకపోయినా చెవిన పడ్డ శబ్దం గుర్తుందా? నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయి? నువ్వు వచ్చేశాక ఆయన మళ్ళీ ఊడ్చిన చప్పుడు వినిపించిందా? గుర్తున్నంతే రాయి, లేనిది కల్పించకు. ఆ రెండు నిమిషాలకు నాలుగు పేజీలు పట్టినా పరవాలేదు, జింకలు లేకపోయినా పరవాలేదు. వచ్చే నెలంతా ఇంట్లోనే ఉంటాను, రాయగానే పంపు.

ప్రేమతో,
అక్క