మొదటి ఏడు గోధుమ కాదు, మొక్కజొన్న

1831లో అమెరికాలోని ఇల్లినాయిస్ చేరిన ఇంగ్లీషు కుటుంబం తొలి ఏడే గోధుమ కోసిందని మీ కథలో రాస్తే చదివినవాళ్లు నమ్మడం లేదన్నారు కదండీ. మొక్కజొన్న వేసినట్టు మార్చండి. అప్పట్లో సర్కారు భూమి కనీసం 80 ఎకరాలు కొనాలి. ఎకరం 1.25 డాలర్లు, అంటే 100 డాలర్లూ ఒక్కసారే కట్టాలి. 1820 చట్టం వాయిదాలు ఎత్తేసింది. ఇక ఎడ్లకు డబ్బెక్కడిది? ప్రెయిరీ అంటే అక్కడి గడ్డిమైదానం; దాని గడ్డివేళ్లు చాపలా అల్లుకుంటాయి, ఒక్క జతతో నాగలి కదలదు, గోధుమకు నేల దున్నలేరు.

అందుకే అడవి అంచున చెట్టు చుట్టూ గొడ్డలితో బెరడు వలయంగా తీసేవారు. లోబెరడు కాస్త మిగిలినా చెట్టు పచ్చగానే ఉండి పైరు నీడన పడుతుంది. పూర్తిగా తెగితే ఆకు రాలి ఎండ దిగుతుంది. ఆ మోడుల మధ్య పారతో తవ్వి, కుదురుకు నాలుగైదు మొక్కజొన్న గింజలు వేసేవారు. ఎండుకొమ్మలు తర్వాత విరిగి పడేవి, కథలో పిల్లల్ని అక్కడ ఆడనివ్వకండి.